దాడి జలాంతర్గామికి అణు రియాక్టర్ ఎందుకు?

మీరు మూడు సంగతులు అడిగారు. బ్యాటరీ మీద నడిచే డీజిల్ జలాంతర్గామి అణు జలాంతర్గామి కంటే నిశ్శబ్దంగా ఉంటుందని చదివానన్నారు. అలాంటప్పుడు ఒక్కొక్కదానికి ఇరవై వేల కోట్ల రూపాయలు పోసి అణుశక్తితో నడిచే దాడి జలాంతర్గాములను కట్టడం దేనికని సందేహించారు. విశాఖపట్నంలో అరిహంత్ తరగతి జలాంతర్గాములు ఉండనే ఉన్నాయి కదా, ఆ పని వాటితోనే చేయించకూడదా అని చివరగా అడిగారు. నేను డీజిల్ జలాంతర్గాములలో, నీటిలోని శబ్దాలను వినే సోనార్ గదిలో ఏళ్ల తరబడి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నవాణ్ణి. పక్షపాతమంటూ ఉంటే డీజిల్ వైపే ఉండాలి. అయినా మీ రెండో ప్రశ్నకు నా సమాధానం అణుశక్తి వైపే మొగ్గుతుంది. అది ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. ఒక మాట ముందే చెప్పాలి: జలాంతర్గామిని మేము ఓడ అనము, ఎంత పెద్దదైనా బోటు అనే అంటాము. కింద ఆ మాటే వాడతాను.

మొదట పేర్ల దగ్గర ఉన్న గందరగోళం తీరాలి. పత్రికల్లో "అణు జలాంతర్గామి" అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తారు. అరిహంత్ అణుశక్తితో నడుస్తుంది, అణ్వస్త్రాలను మోసే బాలిస్టిక్ క్షిపణులను కూడా తీసుకువెళుతుంది. దాని పని సముద్రంలో ఎవరికీ కనబడకుండా, వినబడకుండా ఉండి, దేశం మీద అణుదాడి జరిగితే తిరిగి కొట్టడానికి సిద్ధంగా ఉండటం. దాడి జలాంతర్గామిలో అణుశక్తి ఉండేది ఇంజను గదిలో మాత్రమే. సాధారణంగా దాని ఆయుధాలు మామూలు పేలుడు పదార్థంతో నిండిన టార్పెడోలు, క్రూయిజ్ క్షిపణులు. శత్రువు ఓడలను, ముఖ్యంగా శత్రువు జలాంతర్గాములను వెతికి పట్టుకోవడం దాని ప్రధానమైన పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురాను మీరు చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ సోవియట్ తయారీ డీజిల్ బోటు పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. సందర్శకులు టార్పెడో గొట్టాల దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు గానీ, కాళ్ల కింద ఉన్న బ్యాటరీ అరల సంగతి పట్టించుకునేవారు తక్కువ. ఆ బోటు జీవితాన్ని శాసించింది ఆ బ్యాటరీలే. నీటిలో కదిలే వస్తువుకు కావలసిన శక్తి దాదాపుగా వేగం యొక్క ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 4 నాట్ల వేగంతో పోయే బోటును 20 నాట్లకు తీసుకువెళ్లాలంటే వేగం ఐదు రెట్లే పెరిగినా, ఖర్చయ్యే శక్తి 5×5×5, అంటే 125 రెట్లు అవుతుంది. (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు.) అందుకే నత్తనడకన పోతే కొన్ని రోజులు వచ్చే బ్యాటరీ, పూర్తి వేగంతో పోతే గంట, గంటన్నరలోనే అడుగంటుతుంది. అప్పుడు పెరిస్కోప్ లోతుకు వచ్చి, స్నార్కెల్ గొట్టం నీటిపైకి పెట్టి, గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజన్లతో ఛార్జింగ్ చేసుకోక తప్పదు. ఆ కొన్ని గంటలు బోటు నిశ్శబ్దం గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోరు, ఎందుకంటే ఇంజన్ల మోత దూరానికి వినిపిస్తుంది, స్నార్కెల్ తల గస్తీ విమానం రాడార్‌కు దొరికే ప్రమాదం ఉంటుంది.

ఇంధన ఘటాలతోనో స్టిర్లింగ్ ఇంజన్లతోనో, బయటి గాలి లేకుండా విద్యుత్తు తయారుచేసే ఏర్పాట్లు ఇప్పటి డీజిల్ బోట్లకు వచ్చాయి కదా అని మీరు అనవచ్చు. వచ్చాయి, వాటితో రెండు మూడు వారాలు నీటి కిందే ఉండవచ్చు. అయితే అది కూడా నాలుగైదు నాట్ల వేగంతోనే. ఉండగలిగే కాలం పెరిగింది, పోగలిగే వేగం పెరగలేదు.

రియాక్టర్ ఆ లెక్కనే కొట్టివేస్తుంది. యురేనియం విచ్ఛిత్తితో పుట్టిన వేడిని అధిక పీడనంలో ఉన్న నీరు తీసుకువెళ్లి మరొక వలయంలోని నీటిని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది, వాటి నుంచే చోదక శక్తి, వాటి నుంచే విద్యుత్తు. విద్యుత్తుకు కొరత లేదు కాబట్టి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకోవచ్చు, నీటిని విడగొట్టి ప్రాణవాయువు తయారుచేసుకోవచ్చు, సిబ్బంది వదిలిన బొగ్గుపులుసు వాయువును రసాయనాలతో పీల్చి బయటికి పంపవచ్చు. అమెరికా వర్జీనియా తరగతి, బ్రిటన్ అస్ట్యూట్ తరగతి బోట్లలో నింపిన ఇంధనం బోటు ఆయుష్షంతా సరిపోయేలా రూపొందించారు. తక్కువ శుద్ధి చేసిన యురేనియం వాడే ఫ్రెంచి సుఫ్రెన్ తరగతిలో సుమారు పదేళ్లకొకసారి ఇంధనం మార్చాలి. ఇక మిగిలే పరిమితి తిండి. దాదాపు మూడు నెలలకు సరిపడా సరుకులు పడతాయి. మొదటి కొన్ని రోజులు కూరగాయల బస్తాల మీదే నడవాల్సి వస్తుందని, ఆ తరువాత తాజా ఆకుకూర ముఖం చూడమని ఆ బోట్లలో పనిచేసినవాళ్లు చెబుతారు.

ప్రపంచంలో మొదటి అణు జలాంతర్గామి అయిన అమెరికా నాటిలస్ 1955 జనవరి 17న అణుశక్తితో బయలుదేరింది. అదే సంవత్సరం అమెరికాలోని న్యూ లండన్ నుంచి ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌కు, అంటే సుమారు 2,200 కిలోమీటర్ల దూరాన్ని, ఒక్కసారి కూడా పైకి రాకుండా 90 గంటలలోపు దాటింది. అప్పటిదాకా జలాంతర్గామి అంటే అవసరమైనప్పుడు మునిగే పడవ మాత్రమే. నీటి కిందే సంసారం చేసే నౌక అప్పుడే పుట్టింది.

వేగం యుద్ధంలో ఎలా పనికివస్తుందో చూడాలంటే 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ పాలనలో ఉన్న ఆ దీవులను ఏప్రిల్ 2న అర్జెంటీనా ఆక్రమించింది. బ్రిటన్ నుంచి అక్కడికి దాదాపు 8 వేల మైళ్లు. బ్రిటిష్ దాడి జలాంతర్గామి స్పార్టన్ ఏప్రిల్ 1న జిబ్రాల్టర్ వదిలి, 12వ తేదీకల్లా దీవుల దగ్గర ఉంది. బ్రిటన్ ప్రకటించిన 200 మైళ్ల నిషేధ మండలం అదే రోజు అమలులోకి వచ్చింది. బ్రిటిష్ యుద్ధనౌకల సమూహం అప్పటికి ఇంకా వారాల దూరంలో ఉంది. డీజిల్ బోటు ఓనిక్స్ ఏప్రిల్ చివరలో బయలుదేరి మే నెలాఖరుకు గానీ అక్కడికి చేరలేకపోయింది. ఒకే నౌకాదళం, ఒకే సముద్రం, ఒకే యుద్ధం. ఒకదానికి పదకొండు రోజులు, ఇంకొకదానికి నెలకు పైన పట్టింది.

మే 2న మరో అణు బోటు కాంకరర్ అర్జెంటీనా క్రూయిజర్ జనరల్ బెల్‌గ్రానోను ముంచింది. అణు జలాంతర్గామి యుద్ధంలో శత్రువు ఓడను టార్పెడోతో ముంచడం అదే మొదటిసారి. అంతకుముందు రోజే ఆ ఓడను పట్టుకుని, దానికీ దాని వెంట ఉన్న రెండు డిస్ట్రాయర్లకూ తెలియకుండా వెన్నంటి, లండన్ నుంచి అనుమతి వచ్చేదాకా వదలకుండా ఉండగలగడం నాకు ముంచడం కంటే గొప్పగా అనిపిస్తుంది. బ్యాటరీ మీద నడిచే బోటైతే క్రూయిజర్ వెంట అంతసేపు పరుగెత్తలేదు. మరొక విశేషం, కాంకరర్‌లో తీగతో నడిపించగల టైగర్‌ఫిష్ అనే కొత్త టార్పెడోలు ఉన్నా, కమాండర్ వాటిని నమ్మక, రెండో ప్రపంచయుద్ధం నాటి మార్క్ 8 టార్పెడోలు మూడింటిని వదిలాడు. రెండు తగిలాయి, 323 మంది చనిపోయారు. ఆ దాడి న్యాయమైనదా కాదా అన్న వాదన బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగింది. సైనికంగా దాని ఫలితం మాత్రం స్పష్టం. విమానవాహక నౌకతో సహా అర్జెంటీనా పెద్ద ఓడలన్నీ తీరానికి తిరిగిపోయి యుద్ధం ముగిసేదాకా మళ్లీ బయటికి రాలేదు. రెండు టార్పెడోలతో ఒక నౌకాదళం రేవులో కూర్చుండిపోయింది. కాంకరర్ ఆ తరువాత ఎక్కడ ఉందో తెలియకపోవడమే అందుకు కారణం. సముద్రాన్ని శత్రువుకు అందకుండా చేయడమని నౌకాదళాల వారు అనేది దీనినే.

నిష్పక్షపాతంగా ఉండాలంటే అదే యుద్ధంలో డీజిల్ బోటు కథ కూడా చెప్పాలి. అర్జెంటీనాకు చెందిన సాన్ లూయిస్ అనే జర్మన్ తయారీ చిన్న బోటు ఒంటరిగా దీవుల చుట్టూ తిరిగి బ్రిటిష్ ఓడల మీద టార్పెడోలు వదిలింది. అవి సరిగా పనిచేయక ఏ ఓడా మునగలేదు. అయితే దాన్ని పట్టుకోవాలని బ్రిటిష్ వాళ్లు హెలికాప్టర్లతో, ఓడలతో ఎంత వెతికినా అది దొరకలేదు. వాళ్ల ఆయుధాలు తిమింగలాల మీద కూడా పడ్డాయి. తన ఇంటి ముందు, తనకు తెలిసిన నీటిలో, కదలకుండా కాచుకుని ఉన్న డీజిల్ బోటును పట్టుకోవడం ఇప్పటికీ అంతే కష్టం. మీరు చదివిన నిశ్శబ్దం మాట ఆ మేరకు నిజమే.

ఎందుకంటే బ్యాటరీ మీద పోతున్నప్పుడు డీజిల్ బోటులో తిరిగేది దాదాపు ఒక్క విద్యుత్ మోటారే. అణు బోటులో రియాక్టర్‌ను చల్లబరిచే పంపులు, టర్బైన్లు, వాటి వేగాన్ని తగ్గించే పళ్ల చక్రాలు ఎప్పుడూ ఏదో ఒక స్థాయిలో నడుస్తూనే ఉంటాయి. ఈ మోతను తగ్గించడానికి ఇంజనీర్లు అరవై ఏళ్లుగా తంటాలు పడుతున్నారు. యంత్రాలన్నిటినీ ఒక పెద్ద తెప్ప లాంటి వేదిక మీద బిగించి, ఆ వేదికను బోటు గోడలకు నేరుగా తగలకుండా రబ్బరు దిమ్మల మీద నిలబెడతారు. ఒళ్లంతా శబ్దాన్ని మింగే రబ్బరు పలకలు అతికిస్తారు. కొత్త బోట్లలో బయటకు కనిపించే ప్రొపెల్లర్ స్థానంలో, గొట్టంలో అమర్చిన పంప్-జెట్ ఉంటుంది. తక్కువ వేగంలో పంపుల అవసరం లేకుండా వేడి నీరు తనంతట తానే ప్రవహించేలా కొన్ని రియాక్టర్లను రూపొందించారు. ఫలితంగా నేటి మేలైన అణు బోటు నెమ్మదిగా పోతున్నప్పుడు చేసే శబ్దం సముద్రం తానే చేసే శబ్దంలో కలిసిపోయేంత తక్కువ.

సముద్రం నిశ్శబ్దంగా ఉంటుందని మీరు అనుకుంటూ ఉంటే అది సోనార్ గదిలో కూర్చోనివాళ్ల అపోహ. తీరం దగ్గర, లోతు తక్కువ ఉన్న నీటిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మొదట వినిపించేది నూనెలో పోపు చిటపటలాడుతున్నట్టు ఆగకుండా వచ్చే శబ్దం. అది గోళ్లు చిటపటలాడించే ఒక జాతి రొయ్యలది. దాని మీద వాన, అలలు, చేపల పడవల ఇంజన్లు. వీటి మధ్య ఒక సన్నని, ఒకే స్థాయిలో సాగే యంత్రపు రొదను పట్టుకోవాలి. పైగా బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు పైపొరలో తేలుతూ ఉంటుంది. ఉప్పు, వేడి పొరలు పొరలుగా మారుతూ ఉండటంతో శబ్దం తిన్నగా పోదు, వంగిపోతుంది. పొర పైన ఉన్న ఓడకు పొర కింద ఉన్న బోటు వినబడకపోవచ్చు. మధ్యాహ్నం ఎండకు పైనీరు వేడెక్కాక, ఉదయం దాకా బాగా పనిచేసిన సోనార్ మొండికేయడం మేమందరం చూసినదే.

ఇక్కడే వేగానికి ఉన్న మూల్యం కూడా చెప్పాలి. అణు బోటు 30 నాట్లతో దూసుకుపోతున్నప్పుడు ఒంటి మీదుగా ఒరుసుకుపోయే నీటి హోరు దాని చెవులనే మూసేస్తుంది. కాబట్టి కమాండర్లు కొంతసేపు పరుగెత్తి, వేగం తగ్గించి చుట్టూ విని, మళ్లీ పరుగెత్తుతారు. బ్యాటరీ బోటుకు ఆ పరుగు ఒకసారికే ఉంటుంది. అణు బోటు దాన్ని వారాల తరబడి చేయగలదు.

ఇక దాని విధులు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో అన్నిటికంటే ముఖ్యమైనది, బయట చాలా తక్కువగా తెలిసినది, శత్రువు క్షిపణి జలాంతర్గామి రేవు దాటగానే దాని వెనుక చేరి వారాల పాటు వెంబడించడం. ఏ బోటుకైనా వెనుక భాగంలో, తన ప్రొపెల్లర్ రొద వల్ల, వినబడని ఒక మేర ఉంటుంది. వెంబడించేవాడు ఆ మేరలోనే ఉంటాడు. ఆ సంగతి తెలిసిన సోవియట్ కమాండర్లు ఉన్నట్టుండి బోటును గిర్రున తిప్పి వెనుక ఎవరైనా ఉన్నారేమో వినేవారు. 1970 జూన్‌లో కమ్చాట్కా తీరానికి దగ్గరలో అమెరికా బోటు టాటోగ్ ఇలాగే వెంబడిస్తూ సోవియట్ కె-108ను ఢీకొంది. ఆ సోవియట్ బోటు మునిగిపోయిందనే అమెరికన్లు ఏళ్ల తరబడి నమ్మారు. అది క్షేమంగా ఇంటికి చేరిందని ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక గానీ బయటపడలేదు. ఇదే పనికి మరో వైపు, మన క్షిపణి బోటు గస్తీకి బయలుదేరినప్పుడు దాని వెనుక ఎవరూ చేరలేదని రూఢి చేసుకోవడం. దాడి జలాంతర్గామి లేని దేశం తన అణ్వస్త్ర బోటును ఆ కాపలా లేకుండానే సాగనంపాలి.

విమానవాహక నౌకకు ముందుండి దారి చూడటం రెండో పని. 25 నాట్లకు పైగా పోయే ఓడల సమూహంతో కలిసి నడవడం డీజిల్ బోటుకు కుదరదు. భూమి మీది లక్ష్యాలను కొట్టడం 1991 గల్ఫ్ యుద్ధంలో మొదలైంది. ఎర్ర సముద్రం నుంచి అమెరికా బోటు లూయీవిల్ టోమహాక్ క్షిపణులను ఇరాక్ మీదికి వదిలింది. అప్పటి నుంచి ఈ పాత్ర పెరుగుతూనే వచ్చింది. వర్జీనియా తరగతి కొత్త బోట్లలో అదనంగా 28 టోమహాక్‌లు పట్టేలా నడుము భాగాన్ని పొడిగించి, 115 మీటర్ల బోటును 140 మీటర్లు చేశారు. రష్యా యాసెన్ తరగతి కూడా క్రూయిజ్ క్షిపణుల కోసమే అంత భారీగా తయారైంది. గూఢచర్యం, కమాండోలను దింపడం వంటివి మీరు ఊహించగలవే. 1971లో అమెరికా బోటు హాలిబట్ ఓఖోట్స్క్ సముద్రంలో అడుగున ఉన్న సోవియట్ టెలిఫోన్ కేబుల్‌కు రహస్యంగా రికార్డింగ్ యంత్రం తగిలించి వచ్చిందన్నది మాత్రం చెప్పకుండా ఉండలేను.

ఈ బోట్లకు లోపాలు లేవని కాదు. పెద్దవి కావడం వల్ల లోతు తక్కువ ఉన్న తీర జలాల్లో ఇరుకున పడతాయి. ఒకటి గస్తీలో ఉండాలంటే మరొకటి మరమ్మతులో, ఇంకొకటి శిక్షణలో ఉంటాయి కాబట్టి ఒకటి రెండు బోట్లతో సరిపెట్టుకోవడం కుదరదు. ప్రమాదం వస్తే పొరపాటుకు చోటుండదు. 1963 ఏప్రిల్ 10న అమెరికా బోటు థ్రెషర్ లోతు పరీక్షలలో మునిగి 129 మంది చనిపోయారు. ఆ తరువాతే అతుకు అతుకునూ, వాల్వు వాల్వునూ పత్రాలతో సహా తనిఖీ చేసే కఠినమైన పద్ధతిని అమెరికా తెచ్చింది. 2021 అక్టోబరులో దక్షిణ చైనా సముద్రంలో కనెక్టికట్ అనే అత్యంత ఖరీదైన బోటు పటంలో సరిగా లేని సముద్రగర్భ పర్వతాన్ని గుద్దుకుంది.

మన అనుభవం కూడా నష్టం లేకుండా మొదలవలేదు. సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చిన అణు బోటు, మొదటి చక్ర, 1988 నుంచి 1991 దాకా మన దగ్గర ఉంది. రెండో చక్రగా వచ్చిన అకులా తరగతి నెర్పా, మనకు అందకముందే, 2008 నవంబరులో జపాన్ సముద్రంలో పరీక్షల సమయంలో మంటలార్పే వాయువు పొరపాటున విడుదలై 20 మంది ప్రాణాలు తీసింది. 2012 ఏప్రిల్ 4న విశాఖలో అది మన నౌకాదళంలో చేరి, 2021లో రష్యాకు తిరిగి వెళ్లిపోయింది. ఆ తరువాత మనకు నడుస్తున్న దాడి అణు బోటు ఒక్కటీ మిగలలేదు. 2024 అక్టోబరులో కేంద్రం స్వదేశీ బోట్లు రెండింటికి అనుమతి ఇచ్చింది. మీరు చెప్పిన ఇరవై వేల కోట్లు ఆ రెండింటికీ కలిపి పత్రికలు రాసిన దాదాపు 40 వేల కోట్ల లెక్కలోనిదే. మొదటిది 2036-37 నాటికి సిద్ధమవుతుందని నౌకాదళాధిపతి అదే ఏడాది డిసెంబరులో చెప్పారు.

ఆ ఖర్చు దేనికో ఒక చిన్న లెక్కతో చూడండి. విశాఖ నుంచి మలక్కా జలసంధి వైపు, గ్రేట్ నికోబార్‌కూ సుమత్రాకూ మధ్య ఉన్న ఆరు డిగ్రీల చానెల్‌కు సుమారు 950 నాటికల్ మైళ్లు. అణు బోటు 20 నాట్లతో నీటి కిందే పోతే రెండు రోజుల్లో అక్కడ ఉంటుంది. డీజిల్ బోటు మధ్యమధ్య స్నార్కెల్ చేసుకుంటూ సగటున 8 నాట్లతో పోయిందనుకున్నా అయిదు రోజులు పడుతుంది, చేరేసరికి పరుగెత్తే ఓపిక బ్యాటరీలో ఎంత మిగిలిందో చూసుకోవాలి. వెతుకుతున్న ఓడ ఈలోగా ఆ దారి దాటి 2 వేల నాటికల్ మైళ్లు వెళ్లిపోగలదు. ఒక ఇరుకు దారిని కాయడానికి డీజిల్ బోటు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. కాయవలసిన దారి ఏదో ముందుగా తెలియనప్పుడే ఇబ్బంది. మన నౌకాదళానికి రెండూ కావాలి, డీజిల్ బోట్లు ఎక్కువగా, అణు బోట్లు అయిదారు.

చివరి ప్రశ్న, అరిహంత్‌తోనే ఈ పని చేయించకూడదా అన్నది. టార్పెడో గొట్టాలు దానికీ ఉన్నాయి, రియాక్టర్ ఉంది, కాగితం మీద చేయించవచ్చు. కానీ వేటకు పోయే బోటు శత్రువు ఉన్నచోటికే పోవాలి, అవసరమైతే వేగం పెంచి శబ్దం చేయాలి, టార్పెడో వదిలిన క్షణాన తానెక్కడ ఉన్నదీ చాటుకోవాలి. అరిహంత్ శత్రువుకు ఒక్కసారి వినబడితే, దాని ప్రత్యేకమైన రొద రికార్డయి, ఆ తరువాత ప్రతి గస్తీలోనూ దాని వెనుక ఎవరో ఒకరు ఉంటారు. అందుకే ఏ నౌకాదళమూ తన క్షిపణి బోటును వేటకు పంపదు. దాన్ని వీలైనంత నెమ్మదిగా, వీలైనంత దూరంగా ఉంచి, ఆ చుట్టుపక్కల నీటిని వినే పనిని వేరొక బోటుకు అప్పగిస్తుంది.